ఆరు దూలాలు, ఒక అరుగు

మడకశిరలో ఎండాకాలం ఆడవాళ్ళ పనులు మీకు చెప్పాలా! చింతపండు కొట్టి గింజ తీయడం, వడియాలు, సండిగెలు, మిరపకాయలు ఎండబెట్టడం, రాగులు, కందిపప్పు బాగుచేసి ఏడాదికి సరిపడా డబ్బాలకెత్తడం. ఈ ఏడాది నాకు వాటితో పాటు ఇంకొకటి తగిలింది. కొయ్య పని. నేను ఉలి పట్టలేదు, రంపం లాగలేదు. ఏ కట్టె ఏ వస్తువు కావాలి, ఎంత పొడుగు, ఎంత ఎత్తు, ఎంత ఖర్చు అన్న లెక్కంతా మాత్రం నాదే. మా చిన్నమ్మాయి పాత లాంగ్ నోట్‌బుక్కులో సగం ఆ లెక్కలతోనే నిండిపోయింది.

మా అత్తగారి ఊరు మడకశిరకు పన్నెండు కిలోమీటర్లు. అక్కడి ఇల్లు మట్టి మిద్దె. మా రాయలసీమ బయట పుట్టినవాళ్ళకు మట్టి మిద్దె అంటే తెలియకపోవచ్చు. రాళ్ళూ మట్టీ కలిపి కట్టిన లావు గోడలు, వాటి మీద దూలాలు, దూలాల మీద దంతెలు, దంతెల మీద కట్టెపేళ్ళు, ఆపైన ఆకూ అలమూ పరిచి మట్టి మెత్తుతారు. అన్నింటికన్నా పైన చౌడు. చౌడు నేలల నుంచి తెచ్చిన ఆ మన్ను తడిస్తే గట్టిగా పట్టుకుని నీళ్ళు లోపలికి దిగనివ్వదు. వానలకు ముందు ఏటా కొత్త చౌడు పొయ్యాలి. మిద్దె మధ్యలో వెలుతురుకు ఒక గవాచి ఉంటుంది. వానొస్తే దాని మీద పాత కుండో బండో బోర్లిస్తారు. ఏప్రిల్ మధ్యాహ్నం కూడా లోపల చల్లగా ఉంటుంది. ఇప్పుడు మేముంటున్న మడకశిర ఇంట్లో స్లాబు కింద ఫ్యాను వేడి గాలి కొడుతుంటే ఆ మిద్దే గుర్తొస్తుంది.

చౌడు పోసేవాళ్ళు దొరక్క నాలుగైదేళ్ళు వదిలేశాం. పోయిన వానాకాలంలో వంటిల్లు మూల కూలింది. మా అత్త అప్పుడు వాకిట్లో ఉంది కాబట్టి సరిపోయింది. ఇక ఆమెను అక్కడ ఒంటరిగా ఉంచడం కుదరదని, ఇల్లు విప్పేయాలని ముగ్గురన్నదమ్ములూ అనుకున్నారు. మా బావ బెంగళూరులో ఉంటాడు. మా ఆయన నడిమివాడు. మరిది హిందూపురంలో.

ఇల్లు విప్పడం అంటే ముందు కొయ్య లెక్క తేలాలి. ఆరు దూలాలు, అరవై పైచిలుకు దంతెలు, రెండు స్తంభాలు, రెక్కల తలుపు, 1958 అని చెక్కిన ద్వారబంధం, గడప. పాత కలప కొనే వ్యాపారి ఒకాయన వచ్చి చుట్టూ తిరిగి, దూలాలను వేలి కణుపుతో కొట్టి చూసి, మొత్తం కలిపి 48,000 ఇస్తానన్నాడు. మనిషికి 16,000. చెదలు తినేలోపు ఇచ్చేయడం మేలని మా బావ ఫోన్లోనే సరే అనేశాడు.

అత్త ఏమీ అనలేదు. ఆమె ఏమీ అనకపోవడమే నాకు భయం వేసింది.

అప్పటికే ఆమె మా ఇంటికొచ్చి ఇరవై రోజులైంది. ఆ ఇరవై రోజుల్లో రెండుసార్లు మాకు చెప్పకుండా ఆటో ఎక్కి ఊరెళ్ళిపోయింది. ఒకసారి పక్కింటివాళ్ళ అరుగు మీద పడుకుని ఉంటే వాళ్ళు ఫోన్ చేశారు. మా ఆయన వెళ్ళి తీసుకొచ్చాడు. కోప్పడితే, "మీ ఇంట్లో అన్నీ ఉండాయి నాయనా, నాకేం బేడ. ఊరికే పోయి చూసొస్తి" అంది. ఆమె పుట్టిల్లు పావగడ వైపు. తెలుగులో కన్నడం, కన్నడంలో తెలుగు కలిపి మాట్లాడుతుంది. బేడ అందంటే ఇక ఆ మాట కదలదు. ఆమెకు మోకాళ్ళ నొప్పులు, బీపీ. మూడోసారి వెళ్ళినప్పుడు దారిలో ఎక్కడ పడిపోతుందోనని మాకు నిద్ర పట్టేది కాదు.

ఆ ఇంటి కొయ్య తెచ్చి ఈ ఇంట్లో పెడితే ఆమె కాళ్ళు ఇక్కడ నిలుస్తాయేమో అన్న ఆలోచన అలా వచ్చిందే. నోట్‌బుక్కులో మొదటి పేజీ ఆ రాత్రే రాశాను.

ముందు ఆ కట్టె ఏదో తెలియాలి కదా. మా వీధి చివర ఆచారన్న ఉన్నాడు, అరవై దాటిన మనిషి. ఇప్పుడంతా రెడీమేడ్ తలుపులు, ప్లైవుడ్ అల్మారాలు అయిపోవడంతో ఆయన దగ్గరికి పని తక్కువ. స్కూటర్ మీద ఊరికి తీసుకెళ్తే ఒక్కో దూలాన్నీ బాడిశతో కొంచెం చెక్కి, లోపలి రంగు చూసి, వాసన చూసి చెప్పాడు. నాలుగు వేప, రెండు నారేపి. "ఈ రెండింటికోసమే అక్కా ఆయప్ప వచ్చింది" అన్నాడు వ్యాపారిని గురించి. నారేపిని కన్నడంలో కమర అంటారు. మా అనంతపురం అడవుల చెట్టు. మన దేశంలో చాలా బరువైన కలపల్లో అదొకటి, బాగా ఆరిన ముక్క కూడా నీళ్ళల్లో వేస్తే మునుగుతుంది. వేప అంత బరువుండదు. చేదు వల్ల చెదలు అంత తొందరగా ముట్టవు. మా బావ చెప్పిన చెదల భయం ఆరు దూలాల్లో ఒక్కదానికే, అదీ గోడలో దూరిన చివర ఒక అడుగు మేర.

పాత కట్టెలో ఇంకో లాభం ఉంది. కొత్తగా కోసిన కలప ఆరడానికి అంగుళం మందానికి దగ్గర దగ్గర ఏడాది పడుతుందని పనివాళ్ళ లెక్క. ఆరకుండా చేస్తే బల్ల ఒంకర పోతుంది, పగులుతుంది. అరవై ఏళ్ళకు పైగా మిద్దె మోసిన దూలం ఆరాల్సినంతా ఆరి, ఒంగాల్సినంతా ఒంగి కుదురుకుని ఉంటుంది.

ఆదివారం ముగ్గురన్నదమ్ములూ మా ఇంట్లో కూర్చున్నప్పుడు నోట్‌బుక్కు తెచ్చి చదివాను. మొదట మా బావ నవ్వాడు. బజారులో ఎనిమిది వేలకు కుషన్ వేసిన సోఫా వస్తుంటే ఇదంతా ఎందుకమ్మా అన్నాడు. ఆయన మాటలో తప్పేమీ లేదు. లెక్క ప్రకారం ఆయన చెప్పిందే లాభం. అందుకే నేను లాభం మాట ఎత్తలేదు. "మీ ఇద్దరి వాటా 32,000 మేమిస్తాం బావా. కట్టె అమ్మొద్దు" అన్నాను. మా ఆయన నావైపు చూశాడు. ఆ డబ్బు ఎక్కడిదో ఆయనకు తెలుసు. నేను నెలనెలా కట్టిన చీటీ, 40,000. కమ్మల జత కోసం అనుకున్నది.

అప్పుడు మాట్లాడింది మా తోడికోడలు, మరిది భార్య. వంటింటి గుమ్మంలో నిలబడి, "అక్కా, మాకు డబ్బొద్దు. ఉయ్యాల కడియం ఉన్న దూలం మాకియ్యి" అంది. ఆ దూలానికి మధ్యలో ఇనుప కడియం ఉంది. ఈ ముగ్గురన్నదమ్ములూ, తర్వాత మా పిల్లలూ దాని కింద చీర ఉయ్యాలలో ఊగినవాళ్ళే. మరిది ఏదో అనబోయి ఆగిపోయాడు. మా బావకు 16,000 ఫోన్‌పేలో పంపాను. ఆయన తీసుకున్నాడు. తీసుకున్నందుకు నాకు బాధేమీ లేదు, బెంగళూరులో అద్దె ఇంట్లో దూలం పెట్టుకుని ఆయనేం చేస్తాడు?

ఇల్లు విప్పిన రోజు అత్తను రావద్దన్నాం. వచ్చింది. చింతచెట్టు కింద కూర్చుని, గడప పెళ్ళగించేటప్పుడు మాత్రం లేచి వచ్చి దాని మీద పసుపు కుంకుమ చల్లి, "ఊ, తియ్యండి" అంది.

ట్రాక్టరులో కట్టె మడకశిర చేరాక అసలు పని మొదలైంది. కోత మిల్లువాళ్ళకు పాత కలప అంటే గిట్టదు. లోపల ఒక్క మేకు ఉన్నా రంపం పళ్ళు పోతాయి. మేకులన్నీ తీసి తెస్తేనే కోస్తామన్నారు. మా పెద్దమ్మాయి డిగ్రీ రెండో ఏడు, సెలవులకు వచ్చి ఉంది. పాడైన స్పీకరులోంచి అయస్కాంతం ఊడదీసి, దారం కట్టి, దూలం పొడుగునా జానెడు జానెడు జరుపుతూ వెళ్ళింది. ఎక్కడ అంటుకుంటే అక్కడ సుద్దముక్కతో గుర్తు. నాలుగు రోజుల్లో రెండు వందలకు పైగా మేకులు తీశాం. ఒక్కో మేకు ఎందుకు కొట్టారో అత్త చెప్పేది. ఇది లాంతరుది, ఇది మామ చొక్కాది, ఇది ఉట్టిది, ఇది క్యాలెండరుది. ఆమె అంతసేపు మాట్లాడి చాలా రోజులైంది. మేకు గుర్తులున్న ఆ పక్కను చిత్రిక పట్టకుండా వదిలేయమని ఆచారన్నకు చెప్పాను. ఆయనకు అది నచ్చలేదు. "చూసినోళ్ళు నా పని అనుకుంటారక్కా" అన్నాడు. చివరికి ఒక్క ముక్కకు ఒప్పుకున్నాడు.

నేను బి.ఏ. తెలుగు చదివాను. బాడిశ, ఉలి, చిత్రిక, మూలమట్టం, కుసి, బెజ్జం, ఈ మాటలన్నీ పుస్తకాల్లో చదివినవే. కడపలో ఉండి తెలుగు మాటలు పోగేసిన బ్రౌన్ దొర నిఘంటువు, 1852లో అచ్చయింది, మా కాలేజీ లైబ్రరీలో ఉండేది. కానీ కుసి అంటే ఏమిటో ఆచారన్న కాలికొనలో నాలుకలా చెక్కి, బల్ల అడుగున తొలిచిన బెజ్జంలో దింపి, రెండు దెబ్బలు వేసి "ఇప్పుడు లాగక్కా" అన్నప్పుడే తెలిసింది. మేకు లేదు, బంక లేదు. నేనూ మా అమ్మాయీ కలిసి లాగినా రాలేదు.

ఇక అరుగు సంగతి.

ఊళ్ళో ఇంటి ముందు అరుగు మీదే మా అత్త బతుకంతా గడిచింది. చేటలో బియ్యం ఏరడం, ఆకు వక్క దంచుకోవడం, మధ్యాహ్నం తలకింద చెయ్యి పెట్టుకుని కాసేపు నడుం వాల్చడం, పొలం నుంచి వచ్చేవాళ్ళను పలకరించడం, అన్నీ అక్కడే. మా మడకశిర ఇంటికి అరుగు లేదు, తొమ్మిదడుగుల వరండా ఉంది, అందులో రెండు ప్లాస్టిక్ కుర్చీలు. కుర్చీలో కూర్చుంటే ఆమెకు కాళ్ళు వేలాడతాయి, నేల మీద కూర్చుంటే లేవలేదు. అందుకని నా మొదటి పేజీలో మొదటి వస్తువు అరుగు బల్ల.

ఎత్తు ఎంత ఉండాలి? మామూలు కుర్చీ 17, 18 అంగుళాలు. మోకాళ్ళ నొప్పి ఉన్నవాళ్ళకు కొంచెం ఎత్తు ఉంటే లేవడం సులువు. మరీ ఎత్తయితే పాదాలు ఆనవు, తొడల కింద ఒత్తుకుంటుంది. బల్ల చేయించాక తెలుసుకునే సంగతి కాదిది. వరండాలో ఇటుకలు పేర్చి, పైన పాత తలుపు చెక్క వేసి, దుప్పటి పరిచి అత్తను కూర్చోబెట్టాం. మొదట 15 అంగుళాలు. కూర్చుంది, లేవడానికి నా భుజం పట్టుకుంది. 17కు కుడి చెయ్యి పక్కన ఆనించి లేచింది. 21కి పాదాలు గాల్లో ఉన్నాయి. 19 అంగుళాలకు ఎవరినీ పట్టుకోకుండా లేచింది, కాని కుడి చెయ్యి ఎక్కడో ఆనుకోవడానికి వెతుక్కుంటోంది. సరే, 19 అంగుళాలు, కుడివైపు మాత్రం చెయ్యి ఆనడానికి ఒక పట్టె. ఎడమవైపు ఏమీ వద్దు, తల పెట్టుకుని పడుకోవాలి కదా. ఇంట్లో పెద్దవాళ్ళకు బల్ల గాని మంచం గాని చేయించేవాళ్ళు ఉంటే ఈ ఇటుకల పని ఒక్కసారి చేసి చూడండి. అరగంట పని.

పడుకోవడానికి ఆరడుగుల పొడుగు, రెండడుగుల వెడల్పు. నారేపి దూలం ఒకటి పదడుగులది, మందం ఆరుకి ఎనిమిది అంగుళాలు. ఆరడుగులు కోసి, అంగుళంన్నర మందంతో పలకలు తీస్తే, పైపొర చెత్తంతా పోగా నాలుగు పలకలు వస్తాయి. ఒక్కోటి ఆరంగుళాల వెడల్పు, నాలుగు కలిపితే రెండడుగులు. మిగిలిన నాలుగడుగుల ముక్కలో కాళ్ళు, అడ్డపట్టెలు. ఒక్క దూలంతో బల్ల అయిపోతుంది. ఈ లెక్క ఆచారన్నకు చూపిస్తే రెండుసార్లు చదివి, చెవి వెనక పెన్సిల్ తీసి, "పలకల మధ్య గోరు దూరేంత సందు వదలాల, అది రాయలేదు నువ్వు" అన్నాడు. ఎండకు వానకు కట్టె కాస్త ఉబ్బుతుంది, కాస్త సంకుచితమవుతుంది. ఆ చోటు దానికి ఉండాలట.

ఇంతలో మా అమ్మాయి ఆ ఇటుకల అరుగు మీద అవ్వ పక్కన కూర్చుని ఒక మాట అంది. "అమ్మా, ఇక్కడ కూర్చుంటే అవ్వకు గోడ తప్ప ఏం కనిపిస్తుంది?"

నేనూ వెళ్ళి కూర్చున్నాను. ఎదురుగా మా కాంపౌండు గోడ, ఐదడుగులు. దాని మీద ఆకాశం. వీధిలో మనుషుల గొంతులు వినిపిస్తాయి, ఎవరూ కనిపించరు. నేను రోజూ నిలబడే ముగ్గు వేస్తాను, నిలబడే కూరగాయలు కొంటాను, గోడ నాకెప్పుడూ అడ్డం రాలేదు. ఆమె ఇరవై రోజులుగా ఆ గోడను చూస్తూ కూర్చుంది. బల్ల ఎంత బాగా చేయించినా దాని మీద కూర్చుని ఆ గోడనే చూడాలంటే ఊరికి ఆటో ఎక్కడమే మేలనిపిస్తుంది ఎవరికైనా.

నోట్‌బుక్కులో ఆ రోజు రాసింది మొత్తం కొట్టేసి గోడ బొమ్మ వేశాను. నాలుగడుగుల వెడల్పు, నేలకు రెండడుగుల ఎత్తు నుంచి పైదాకా గోడ తీసేసి, ఆ జాగాలో కొయ్య జాలీ. అందుకు దంతెలు ఉన్నాయి కదా, ఎవరికీ పనికిరావని పొయ్యిలోకి అనుకున్నవి. ఒక్కోటి మూడంగుళాల లావు. నిలువునా పెట్టి, మధ్యలో నాలుగంగుళాల సందు. మా ఆయన దీనికి ఒప్పుకోవడానికి వారం పట్టింది. దొంగలు, కుక్కలు, వీధిలో పోయే ప్రతివాడూ ఇంట్లోకి చూడటం, అన్నీ చెప్పాడు. నాలుగంగుళాల సందులో కుక్క దూరదని టేపు పెట్టి చూపించాను. దొంగ ఐదడుగుల గోడ కూడా దూకుతాడు. ఇక ఇంట్లోకి చూడటమంటారా, మా అత్తకు కావాల్సిందే అది. చూసినవాళ్ళు పలకరిస్తారు.

మిగతా వస్తువుల సంగతి తొందరగా చెప్పేస్తాను. వేప దూలం ఒకటి పెద్దమ్మాయికి చదువుకునే బల్ల అయింది. తలుపు రెక్కలు వంటింట్లో నిలువు అరలు, డబ్బాలకు. స్తంభాలు రెండూ ఇంకా వరండాలో గోడకు ఆనించే ఉన్నాయి. ఏం చేయాలో నాకూ తోచలేదు, ఆచారన్నకూ తోచలేదు. గడపను పూజగది ముందు వేశాం. అది మామూలు కన్నా ఎత్తు, రోజుకు ఒకరైనా తట్టుకుంటున్నారు.

మేకులు తీసిన బెజ్జాలు పూడ్చడానికి ఆచారన్న బజారు లప్పం అన్నాడు. మా అమ్మాయి ఎక్కడో చదివిందట, కొండపల్లి బొమ్మలు చేసేవాళ్ళు చింతగింజల పొడి, రంపపు పొట్టు కలిపి మక్కు చేసి, దాంతోనే బొమ్మల ముక్కలు అతుకుతారని. మా దగ్గర చింతగింజలకు కరువా! హిందూపురం చింతపండు మార్కెట్టు పక్కనే ఉన్న సీమ ఇది. గింజలు వేయించి, పొట్టు తీసి, దంచి, మెత్తగా జల్లించి, నీళ్ళల్లో ఉడికిస్తే చిక్కటి జిగురు అవుతుంది. అందులో ఆ కట్టె రంపపు పొట్టే కలిపి బెజ్జాల్లో కూరాం. రంగు కలిసిపోయింది. అయితే ఇంటి లోపలి వస్తువులకే ఇది. వాన తగిలే జాలీకి పనికిరాదు, తడిస్తే మెత్తబడుతుంది. అక్కడ ఆచారన్న చెప్పిన లప్పమే వేశాం.

పైపూతకు వార్నీష్ వద్దనుకున్నాం. మెరుపు నాకు గిట్టదు, పాత కట్టెకు అసలు నప్పదు. అవిసె నూనె రాశాం. ఎందుకు చెబుతున్నానంటే మా తోడికోడలు కొబ్బరినూనె రాస్తానంది. కొబ్బరినూనె ఎన్నాళ్ళైనా ఆరదు, జిడ్డుగా ఉండి దుమ్ము పట్టుకుంటుంది. అవిసె నూనె గాలికి ఆరి గట్టిపడే రకం. పలచగా రాసి, పావుగంట ఆగి, మిగిలింది తుడిచేయాలి. రోజు విడిచి రోజు మూడుసార్లు. ఇంకో సంగతి, ఆ తుడిచిన గుడ్డల్ని ఉండచుట్టి మూల పడేయకండి. ఆ నూనె ఆరేటప్పుడు వేడి పుట్టి గుడ్డ దానంతటదే అంటుకోవచ్చు. తీగ మీద విప్పి ఆరేయండి, లేదా నీళ్ళల్లో ముంచి పెట్టండి. పిల్లలున్న ఇళ్ళల్లో మరీ జాగ్రత్త.

మా అమ్మాయికి బల్ల అంచున లేపాక్షి లత చెక్కించాలని కోరిక. లేపాక్షి స్తంభాల మీది డిజైన్లు చీరల అంచుల్లోకి వెళ్ళాయి, ఆ ఊరి పేరు మన రాష్ట్రంలో హస్తకళల దుకాణాలకే పెట్టారు, మనింటి బల్లకు ఎందుకుండకూడదని వాదించింది. ఆచారన్న నారేపి ముక్క ఒకటి, ఉలి ఒకటి ఆమె చేతికిచ్చి నువ్వే చెక్కమన్నాడు. పది నిమిషాల్లో కోరిక తీరింది.

దీపం గురించి మాత్రం చెప్పాలి. ఊళ్ళో గవాచి కింద పడే వెలుతురు అత్తకు ఇష్టం. దాన్ని ఎలా తేగలం? వరండాలో ట్యూబులైటు తీసేసి ధర్మవరం దగ్గరి నిమ్మలకుంట తోలుబొమ్మల దీపం పెడదామనుకున్నాను. 2020లో పద్మశ్రీకి ఎంపికైన దళవాయి చలపతిరావు గారిది ఆ ఊరే. మేక తోలును నానబెట్టి, గీకి, ఆరబెట్టి వెలుతురు దూరేలా చేస్తారు. చిన్న చిన్న ఉలులతో చుక్కలు చుక్కలుగా తొలిచి, రంగులు అద్దుతారు. ఆటలు తగ్గిపోయాక ఇప్పుడు ఎక్కువగా దీపాలకు తొడుగులు, గోడ బొమ్మలు చేస్తున్నారు. అత్తను కూడా తీసుకెళ్ళాం. పెనుకొండ దాటేదాకా నిద్రపోయింది. అక్కడ ఒకింట్లో గోడల నిండా రాముడు, సీత, హనుమంతుడు, నెమళ్ళు, చెట్లు. ఏది కావాలత్తా అంటే అన్నీ చూసి, పనిచేస్తున్న ఆమెను అడిగింది, "బంగారక్క లేదా?"

తోలుబొమ్మలాట చూసినవాళ్ళకు తెలుసు, బంగారక్క, జుట్టుపోలిగాడు రామాయణం మధ్యలో దూరి మోటు హాస్యాలతో రాత్రంతా జనాన్ని మేలుకొలిపే బొమ్మలు. మా అత్త చిన్నప్పుడు పావగడ వైపు తెల్లవార్లూ ఆ ఆటలు చూసిందట. "రాముడు వచ్చినప్పుడు నిద్రపోతాంటిమి, బంగారక్క వచ్చినప్పుడు మా అమ్మ లేపుతాండె" అని ఆమె అంటే ఆ ఇంట్లో ఆడవాళ్ళంతా ఒకటే నవ్వు. మా ఆయన బయటికి వెళ్ళి నిలబడ్డాడు. దీపం తొడుగు మీద ఎవరూ అడగనిదని చెప్పి, పది రోజుల్లో చేసి పంపారు. ఇప్పుడు మా వరండాలో సాయంత్రం లైటు వేస్తే బంగారక్క నడుం మీద చెయ్యి పెట్టుకుని వీధిలోకి చూస్తుంది. మొదట్లో మా ఎదురింటావిడ దేవుడి బొమ్మ అనుకుని దణ్ణం పెట్టింది కూడా.

ఖర్చు అడుగుతారని తెలుసు. బావ వాటా 16,000. ట్రాక్టరు 1,500, కోత మిల్లు 3,500, ఆచారన్న పదకొండు రోజులు రోజుకు 1,200 చొప్పున 13,200, నూనె, లప్పం, స్క్రూలు 2,100, దీపం 1,800. మొత్తం 38,100. చీటీలో 1,900 మిగిలాయి. కమ్మలు వచ్చే ఏడాది సంగతి. గోడ పగలగొట్టి జాలీ నిలబెట్టిన మేస్త్రీ ఖర్చు మా ఆయన తన జేబులోంచి పెట్టుకున్నాడు. ఆ లెక్క నాకు చెప్పలేదు, నేను అడగలేదు.

బల్లను లోపలికి తేవడానికి నలుగురు మనుషులు కావలసి వచ్చారు. నారేపి బరువు అప్పుడు తెలిసింది. అత్త మొదటి రోజు దాని మీద కూర్చోలేదు. చేత్తో తడిమింది, కిందికి వంగి చూసింది. చిత్రిక పట్టకుండా వదిలిన పక్క, మేకు గుర్తులది, గోడవైపు పెట్టారేమని అడిగి, తిప్పించింది. మళ్ళీ నలుగురు. రెండో రోజు పొద్దున నేను పాలు కాచి వచ్చేసరికి చేట తెచ్చుకుని కూర్చుని ఉంది. ఏరడానికి ఏమీ లేదు, మాది ఇప్పుడు ప్యాకెట్ బియ్యం. చింతపండు ఇచ్చాను.

జాలీ సందులోంచి స్కూలు పిల్లలు అవ్వా అని పిలుస్తూ పోతున్నారు. అగళి, రొళ్ళ వైపు నుంచి వక్కలు తెచ్చే ఒకాయనతో నా ముందే కన్నడంలో బేరమాడి, నాకన్నా తక్కువకు తీసుకుంది. ఆ తర్వాత కూడా ఒకసారి ఊరెళ్తానంది. ఈసారి అడిగి వెళ్ళింది, మా ఆయన బండి మీద, ఖాళీ జాగా చూసి మధ్యాహ్నానికి వచ్చేసింది. చింతచెట్టు కొట్టనివ్వద్దని చెప్పి వచ్చిందట.

మా తోడికోడలి దూలం ఇంకా పని కాలేదు. హిందూపురంలో వాళ్ళ హాల్లో స్లాబుకు అంత బరువు వేలాడదీయకూడదని, ఇనుప స్టాండు చేయించాలని అంటున్నారు. అందాకా దూలం మా ఇంటి వెనకే ఉంది. నిన్న వచ్చినప్పుడు కడియానికి చింతపండు రాసి తళతళా తోమి వెళ్ళింది. ఆ రెండు స్తంభాలు కూడా తనకే ఇవ్వమంటోంది, స్టాండుకు పనికొస్తాయట. ఆచారన్న బుధవారం వచ్చి కొలత తీసుకుంటానన్నాడు.